ప్రాజెక్టు వెబ్‌సైటుకు సీఎంఎస్ ఎంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ బృందం తయారుచేస్తున్న తెలుగు అక్షరదోషాల సవరణ సాఫ్ట్‌వేర్‌కు వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నామనీ, దానిలో పేజీలు రాసి, దిద్ది, ప్రచురించే సాఫ్ట్‌వేర్‌గా (సీఎంఎస్ అంటే అదే) వర్డ్‌ప్రెస్, ద్రుపల్, హ్యూగోలలో దేనిని తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. వీటిలో ఏది గొప్పదన్న వాదన ఎంతసేపు సాగినా తెగదు. రెండేళ్ల తరువాత, ఇప్పుడున్నవారిలో సగంమంది ఉద్యోగాల హడావిడిలో పడ్డాక, ఆ సైటు ఆలనాపాలనా ఎవరు చూస్తారన్నది ముందు తేల్చుకోండి.

వర్డ్‌ప్రెస్, ద్రుపల్ రెండూ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో, డేటాబేసు ఆధారంగా నడుస్తాయి. లాగిన్ అయి, రాసి, ‘పబ్లిష్’ నొక్కితే చాలు కనుక ప్రోగ్రామింగ్ తెలియనివారికి అవి సుఖం. అయితే అప్‌డేట్లను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. 2014 అక్టోబరు 15న ద్రుపల్ 7లోని ఒక తీవ్రమైన భద్రతా లోపానికి సవరణ విడుదలైంది. ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా దానిని వేసుకోని ప్రతి సైటూ దాడికి గురైనట్టే భావించాలని రెండు వారాల తరువాత ద్రుపల్ భద్రతా బృందమే చెప్పవలసి వచ్చింది. ఆదివారాలు మాత్రమే తీరిక దొరికే వాలంటీర్లకు అది సాధ్యమయ్యే గడువేనా?

హ్యూగో, జెకిల్ వంటివి పేజీలను బ్రౌజరు నేరుగా చూపగల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా ముందే తయారుచేసి పెడతాయి కాబట్టి సర్వరులో డేటాబేసూ ఉండదు, దానికి కాపలా అవసరమూ ఉండదు. రాసినదంతా మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ ఫైళ్లుగా మీ కోడ్‌తోపాటు, మార్పుల చరిత్రను దాచే గిట్‌లోనే ఉంటుంది. రేపు హ్యూగో వద్దనుకున్నా ఆ ఫైళ్లు ఎక్కడికీ పోవు. వెబ్ డెవలపర్లు చూసుకునే మొజిల్లావారి సమాచార సైటు ఎండీఎన్ కూడా 2020 డిసెంబరులో తన వ్యాసాలను డేటాబేసు నుంచి, గిట్ ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌కు మార్చుకుంది. 1 జీబీ లోపు సైటయితే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా నడుపుకోవచ్చు.

మీకున్న అసలు చిక్కు వేరు. దోషాలు పట్టి చెప్పేది తెలుగు మాస్టార్లు, వారికి గిట్ రాదు. అందుచేత నిర్ణయానికి ముందే అలాంటి ఒకరిని కూర్చోబెట్టి, మీరెవరూ చెయ్యి వేయకుండా, ఒక పేజీలో ఒక వాక్యం దిద్దమనండి. ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తే మీ చర్చ సగం తేలిపోతుంది. బ్రౌజరులో రాసినదానిని గిట్‌లోకి చేర్చిపెట్టే డీకాప్ సీఎంఎస్‌ను హ్యూగోకు జోడించి ఈ పరీక్ష పెట్టి చూడండి. నా మొగ్గు ఆ జోడీవైపే. అదీ కష్టమనిపిస్తే వర్డ్‌ప్రెస్ తీసుకోండి, కానీ అప్‌డేట్ల బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించండి, ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాలకు తగిలించే తోడు ప్రోగ్రాములు, వీలైనంత తక్కువ పెట్టండి.

వర్డ్‌ప్రెస్ అయితే మరో సంగతి. అది శీర్షిక నుంచే పేజీ చిరునామా తయారుచేస్తుంది. అక్కడ తెలుగులో అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కొక్కటీ 9 స్థానాలు తింటుంది, వత్తయితే 18 తింటుంది, చిరునామాకు ఉన్నవి 200. ‘అక్షరదోషాల సవరణ సాధనం వాడే విధానం’ అని శీర్షిక పెడితే చిరునామా ‘వాడే’లోని ‘వా’ దగ్గరే తెగిపోతుంది. ప్రతి పేజీకీ చిరునామాను ఇంగ్లీషు అక్షరాలలో చేత్తో రాసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి, ఎందుకంటే ఒకసారి పంచుకున్న లింకును తరువాత మారిస్తే పాతది పనిచేయకపోవచ్చు. థీమ్ రంగుల గురించి మాత్రం ఎక్కువ చర్చించకండి, దానిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

డొమైన్ పేరు ఒక్కరి సొంత ఈమెయిలు మీద కాకుండా కనీసం ఇద్దరి చేతిలో ఉండే ఖాతాలో నమోదు చేయించండి. దాని గడువు తేదీని ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులోనే రాసిపెట్టండి.

ఆశీస్సులతో,
పెదనాన్న