రెండు ఉతుకులకే బొమ్మ ఊడిపోతోంది

ప్రశ్న: మా హీరో పుట్టినరోజుకి అభిమాన సంఘం తరఫున 60 టీషర్టులు వేయించాలి. పోయినసారి ఒక షాపులో వేయిస్తే రెండు ఉతుకులకే బొమ్మ పెచ్చులూడింది. ఈసారి షాపును ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బాబూ, పదేళ్లు స్క్రీన్ ప్రింటింగ్ బల్ల దగ్గర నిలబడ్డవాణ్ణి, మీ బాధ నాకు తెలుసు. పెచ్చులూడిందంటే చాలావరకు ఇంకు లోపలిదాకా వేడెక్కలేదనే. టీషర్టుల మీద వాడే ప్లాస్టిక్ రకం ఇంకు, ప్లాస్టిసాల్‌కి దాదాపు 160 డిగ్రీల వేడి తగలాలి. హడావిడిలో పైపైన ఆరబెట్టి ఇచ్చేస్తారు. అందుకే డబ్బులిచ్చయినా సరే, ముందు ఒక్క శాంపిల్ వేయించండి. ఒక రోజు ఆగి, బొమ్మ పైకే ఉంచి మూడుసార్లు ఉతకండి. ఆరాక రెండు చేతులతో కాస్త సాగదీసి చూడండి. వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయా, ఆ షాపు వద్దు.

పేరు, రెండు రంగుల లోగో అయితే స్క్రీన్ ప్రింటే మేలు. అందులో రంగుకో స్క్రీన్ (ఇంకు దిగే జాలీ చట్రం) కట్టాలి కాబట్టి, ఎన్నో రంగులుండే హీరో ఫొటో నిండుగా కావాలంటే డీటీఎఫ్ (ఫిల్మ్ మీద ముద్రించి వేడితో బట్టకి అంటించే పద్ధతి) అడగండి. బట్ట 180 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరుకి 180 గ్రాముల బరువు) కాటన్ తీసుకోండి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో మాత్రం ఇవ్వకండి, మసకగా పడుతుంది. డిజైన్ చేసినవాళ్ల దగ్గర అసలు ఫైలే అడిగి తెచ్చుకోండి.