టెక్ సందేహాలు: తప్పు ర్యామ్‌దేనా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన ఓ ఎక్సెల్ ఫైల్ తెరిస్తే చాలు, నత్తనడకే. ఇంకో 8 జీబీ వేద్దామనుకుంటున్నాను. ఏ ర్యామ్ అయినా సరిపోతుందా? నేనే బిగించుకోవచ్చా?

జవాబు: బిగించడం పెద్ద పనేం కాదు. చాలామంది తప్పులో కాలేసేది కొనేటప్పుడే. సిస్టమ్ మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ 90 శాతం దాటి ఉంటే మీ అనుమానం నిజమే. మెమరీ సగం ఖాళీగా ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర తిష్ఠ వేస్తే ర్యామ్ ఎంత పెంచినా ఒరిగేదేమీ లేదు. అప్పుడు పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించండి. తేడా మీకే తెలుస్తుంది.

ర్యామే కావాలని తేలితే, అదే పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' చూడండి. '1 ఆఫ్ 2' అని ఉంటే ఒక స్లాట్ ఖాళీ ఉన్నట్టే. తర్వాత రకం సంగతి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ నొక్కితే డీడీఆర్3నా, 4నా, 5నా చెప్పేస్తుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, కానీ అడుగున గాడి వేరే చోట ఉంటుంది. కాబట్టి దిగకపోతే బలవంతంగా నొక్కకండి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొడవు తక్కువ, అదీ పనికిరాదు.

స్పీడ్ విషయంలో అంత బెంగ అక్కర్లేదు. పాతది 2666, కొత్తది 3200 అయితే రెండూ 2666 దగ్గరే నడుస్తాయి. ఉన్నదానికి జతగా అదే సైజుది వేస్తే డ్యూయల్ చానల్ పనిచేస్తుంది, అంటే రెండు ర్యామ్‌ల నుంచీ ఒకేసారి డేటా అందుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కు దీనివల్ల లాభం ఎక్కువ. నాలుగు స్లాట్‌ల బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్‌లు వాడాలి. మదర్‌బోర్డ్ మాన్యువల్‌లో ఆ బొమ్మ ఉంటుంది.

బిగించే ముందు పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లో స్టాటిక్ విద్యుత్ పోతుంది. గాడి సరిచూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కాలి. లాచ్ 'టక్'మని పడాలి. ఆన్ చేయగానే బీప్ శబ్దాలు వచ్చి స్క్రీన్ నల్లగా ఉండిపోతే కంగారు పడకండి. చాలాసార్లు ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే కారణం. తీసి మళ్లీ పెట్టండి. డీడీఆర్5 అయితే మొదటిసారి స్క్రీన్ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో ఆపేయకండి.

ప్రశ్న: 4 జీబీ ఉన్న పాత సిస్టమ్‌కు మరో 4 జీబీ కలిపాను. విండోస్‌లో మాత్రం 3.25 జీబీయే వాడుకోవచ్చని చూపిస్తోంది. ర్యామ్ పాడైందా?

జవాబు: ర్యామ్ బాగానే ఉండి ఉంటుంది. మీది 32 బిట్ విండోస్ కావచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' దగ్గర తెలుస్తుంది. 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి చూడలేదు, అందులోనూ కొంత హార్డ్‌వేర్ అవసరాలకు పోతుంది. ప్రాసెసర్ 64 బిట్‌దైతే 64 బిట్ విండోస్ వేసుకోండి. అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఫొటోలు, ఫైళ్లు ముందే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.