లాకుల దగ్గరే ఎందుకు వెనక్కి తిరుగుతున్నారు?

ప్రశ్న (నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాం): నాకు 62 ఏళ్ళు. గుంటూరులో టీచరుగా చేసి ఈ ఫిబ్రవరిలో రిటైరయ్యాను. మావారు 2008లో పోయారు. ఒక్కడే బాబు, బెంగళూరులో ఉద్యోగం. వాడి దగ్గరికి వెళ్ళకుండా, తెనాలి దగ్గర నేను పుట్టిన ఊరికి వచ్చి రెండు గదుల పోర్షన్ అద్దెకి తీసుకున్నాను. కొత్తగా మొదలుపెడదామని ఉగాది నుంచి పొద్దున్నే కాలవ గట్టు మీద నడక పెట్టుకున్నాను. అప్పుడు కాలవలో నీళ్ళు లేవు, అడుగంతా నెర్రెలిచ్చి ఉంది. వేపపూత వాసన, మినుము తీసేసిన చేలల్లో గొర్రెల మందలు. చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ వెనక కూర్చుని ఈ గట్టు మీదే హైస్కూలుకి వెళ్ళేదాన్ని. రోజూ కాలవకి అడ్డంగా తలుపులున్న లాకుల దాకా రెండు కిలోమీటర్లు వెళ్ళి తిరిగొచ్చేదాన్ని. అవతల అన్నయ్య పొలం. చూసినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. జూలైలో వానలకి గట్టు జారుడై నడక ఆగిపోయింది. రోడ్డు మీద లాకుల దాకా షేర్ ఆటోలు తిరుగుతుంటాయి, ఆ హారన్ల మధ్య నడవబుద్ధి కాదు. నోట్‌బుక్‌లో చివరిగా రాసింది ‘లాకుల అవతల దమ్ము చేస్తున్నారు’ (ఊడ్పులకి మడి దున్ని బురద చేస్తున్నారు) అని. అప్పటి నుంచి మంచం దిగాలనిపించడం లేదు. బాబు వచ్చెయ్యమంటున్నాడు. వానాకాలంలో నడక అలవాటు ఎలా నిలబెట్టుకోవాలి? బెంగళూరు వెళ్ళిపోనా? ఈ వయసులో కొత్త జీవితం అనుకోవడం నా భ్రమా? అన్నయ్యతో 15 ఏళ్ళుగా మాటల్లేవు. 2009లో నాన్న పోయాక వాటా అడిగాను, పెద్దమనుషుల్లో ముప్పావు ఎకరం ఇచ్చారు. మూడేళ్ళ క్రితం వదిన పోయింది. నాకెవరూ కబురు చెయ్యలేదు, నేను వెళ్ళలేదు. అది వదిలెయ్యండి.

జవాబు:

టీచర్ గారూ,

నడక గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వానాకాలంలో ఆ నల్లమట్టి గట్టు ఎక్కకండి. ఈ వయసులో కాలు జారితే తుంటి ఎముక విరగొచ్చు. గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట పాములుంటాయి. తెల్లవారాక ఊళ్ళో సిమెంటు రోడ్డు మీదే అరగంట తిరగండి, కార్తీకానికి గట్టు ఆరుతుంది. మంచం దిగబుద్ధి కాకపోవడం ఇలాగే సాగితే, నిద్ర, ఆకలి కూడా తగ్గితే డాక్టరుకి చూపించుకోండి. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయించమనండి. బెంగళూరంటారా, పండక్కి వెళ్ళి పది రోజులుండి రండి. అంతకు మించి దానికి ఇప్పుడు జవాబు అక్కర్లేదు.

అది వదిలెయ్యండి అన్నారే, నేను వదల్లేను.

ముప్పై ఏళ్ళు పిల్లల నోట్‌బుక్కులు దిద్దారు. పిల్లవాడు ఏ మాట రాసి కొట్టేశాడో చూస్తే వాడి మనసులో ఏముందో మీకు తెలిసిపోయేది కదా. నాలుగు పేజీల మీ ఉత్తరంలో కొట్టివేత ఒకే ఒక్క చోట ఉంది. ‘అవతల మా పొలం’ అని రాసి, ‘మా’ మీద గీత గీసి, పైన ‘అన్నయ్య’ అని రాశారు. కాలవ గురించి పేజీన్నర ఉంది, బాబు గురించి ఒక పేజీ ఉంది. నేను మాత్రం ఆ గీత దగ్గరే ఆగిపోయాను.

జూలైలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఉగాది నాటికి మీ వైపు చేలల్లో మనిషి ఉండడు. మినుము పీకేశాక, మళ్ళీ కాలవలు వదిలేదాకా రైతుకి అక్కడ పెద్దగా పని లేదు. అందుకే ఏప్రిల్, మే నెలలు హాయిగా నడిచారు. బ్యారేజీ నుంచి కాలవలు వదిలాక నారుమళ్ళు, దమ్ము, ఊడ్పులు. ఆ రోజుల్లో రైతు పొద్దు పొడవకముందే తూము దగ్గర ఉంటాడు, తన మడిలోకి నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో చూసుకోవాలి. ‘లాకుల అవతల దమ్ము చేస్తున్నారు.’ చేస్తున్నది ఎవరో రాయలేదు. ఆ మర్నాటి నుంచి నోట్‌బుక్ ఖాళీ. వాన ఆపేస్తే మనిషి కిటికీ దగ్గర కూర్చుని వాన గురించైనా రాసుకుంటుంది. పొలంలో అన్నయ్యని చూశారు కాబట్టి ఆగిపోయారు. ఆయన కూడా మిమ్మల్ని చూసే ఉంటాడు.

నడుచుకోవడానికే అయితే గుంటూరులో పార్కులున్నాయి. ఏ ఊరి కాలవకైనా గట్టుంటుంది. మీరు ఏరి కోరి అన్నయ్య సైకిల్ మీద వెళ్ళిన గట్టు ఎక్కారు. రోజూ ఆయన పొలం అంచుదాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. మూడు నెలలు.

ఇప్పుడు వాటా సంగతి. మీరు మొహమాటపడుతూ రాశారు, నేను గట్టిగా చెప్తాను. అడగడం తప్పు కాదు. తండ్రి సొంత ఆస్తిలో కూతురికి వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలోనూ (తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తిలోనూ) కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. 1984లో పెళ్ళయిన మీకు ఏడాది తేడాలో అది తప్పిపోయింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్ళయిన కూతుళ్ళకీ వచ్చింది. భర్త పోయి, చదువుకుంటున్న పిల్లాడితో ఉన్న ఆడమనిషి తండ్రి ఆస్తిలో వాటా అడిగితే ‘ఆస్తి కోసం వచ్చింది’ అనడం మన ఊళ్ళకి అలవాటు. కొడుకు తీసుకుంటే అది వారసత్వం, కూతురు అడిగితే ఆశ అంటారు. ఈ మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. పసుపు కుంకుమల పేరుతో ఏదో చేతిలో పెట్టి పంపించేసే రోజులు పోవాలి. మాటలు మానేసి, పండక్కి పిలవడం మానేసిన మీ అన్నయ్యది ఆ విషయంలో పూర్తిగా తప్పే. ఆయన నాకు ఉత్తరం రాసి ఉంటే ఆయనకీ ఇదే చెప్పేదాన్ని.

కానీ వదిన చావుకి వెళ్ళలేదు చూశారా, దాన్ని నేను సమర్థించలేను. ‘ఎవరూ కబురు చెయ్యలేదు’ అంటున్నారు. పెళ్ళికి పిలుపు ఉండాలి, చావుకి పిలుపేమిటండీ? మీకు ఆ సాయంత్రానికే తెలిసిందని మీ ఉత్తరంలోనే ఉంది. గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరం? నాన్నగారు మంచాన పడ్డ రెండేళ్ళూ ఆయనకి అన్నీ చేసింది వదినే అని మీరే రాశారు. ఏటా ఎండాకాలంలో గుంటూరికి ఆవకాయ జాడీ పంపింది కూడా ఆవిడే. పొలం పంచుకున్నది మీరూ, మీ అన్నయ్యా. ఆ తగువులో ఆవిడ ఎక్కడుంది? పెద్దమనుషుల ముందు ఒక్క మాటైనా అందా? వెళ్ళకుండా మీరు శిక్షించింది అన్నయ్యని అనుకున్నారేమో. చివరిచూపుకి ఆడపడుచు రాని లోటు మాత్రం వదినకి మిగిలింది. పెద్ద కర్మకైనా వెళ్ళాల్సింది. ఇది మీకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ వాక్యం ఉత్తరం చిట్టచివర పెట్టి, వదిలెయ్యమన్నారు.

నాకు ఒక తమ్ముడు ఉండేవాడు. మా అమ్మ నగల దగ్గర మాటా మాటా వచ్చి ఆరేళ్ళు వాడి గుమ్మం తొక్కలేదు. న్యాయం నా వైపే ఉంది, ఇప్పటికీ అదే అంటాను. ఏడో ఏడు వాడు ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. నన్ను చూసి, ‘అక్కా, కాఫీ తాగావా?’ అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులే ఉన్నాడు. ఆ ఆరేళ్ళలో ఏ పండగ పూట అయినా వెళ్ళి ఉంటే అదే మాట అడిగి ఉండేవాడు. అది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ అన్నం సయించదు. అందుకే మీ ఉత్తరం చదివి పక్కన పెట్టలేకపోయాను.

మీ అన్నయ్య మీకన్నా నాలుగేళ్ళు పెద్ద, పిల్లలెవరూ ఊళ్ళో ఉండరు అన్నారు. మూడేళ్ళుగా ఆ మనిషి ఏం వండుకుంటున్నాడో, ఎవరి చేతి కూడు తింటున్నాడో, ఒకే ఊళ్ళో ఆర్నెల్లుగా ఉంటున్న మీకు తెలుసా? కాలవలో నీళ్ళు ఏ రోజు వచ్చాయో నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాసుకున్నారు.

ఇంటికి వెళ్ళకండి, ఇంటి దగ్గర నలుగురూ చేరతారు. పెద్దమనుషుల్ని అసలు పంపకండి. పొలానికి వెళ్ళండి, పొద్దున్నే ఒంటరిగా ఉంటాడు. ‘అన్నయ్యా, వదిన పోయినప్పుడు రాలేదు. తప్పు నాదే’ అని చెప్పండి. అక్కడితో ఆపండి. ‘కానీ’ అని ఇంకో వాక్యం మొదలుపెట్టకండి. ‘ఆస్తికి వచ్చావు, చావుకి రాలేదు’ అని ఆయన అంటాడు, అనే హక్కు ఆయనకి ఉంది. నిలబడి వినండి. వాటా అన్యాయం అంటే మాత్రం తల వంచకండి. ‘నాన్న కూతుర్ని కాబట్టి తీసుకున్నాను’ అనండి, చాలు. ఏడుపొచ్చి, ఆ ముప్పావు ఎకరం తిరిగి రాసిచ్చేస్తాను అని పొరపాటున కూడా అనకండి. పొలం ఇచ్చి కొనుక్కుంటే అది మళ్ళీ బేరమే అవుతుంది. మొహం తిప్పుకుని వెళ్ళిపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళండి. 15 ఏళ్ళ మౌనం ఒక్క పూటలో కరుగుతుందని నేను అనడం లేదు.

మాట కలిస్తే, దీపావళి అమావాస్య వెళ్ళిన రెండో నాడు, కార్తీక శుద్ధ విదియకి భోజనానికి పిలవండి. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి వంట తినాలని మనవాళ్ళు పెట్టిన భగినీ హస్త భోజనం అందుకే. మీ రెండు గదుల పోర్షన్‌లోనే పీట వెయ్యండి. సంక్రాంతికి వాళ్ళింట్లో పెద్దలకి బట్టలు పెట్టుకునేటప్పుడు, వదినకి పెట్టే చీర మీరు కొని పట్టుకెళ్ళండి.

ఈ వయసులో కొత్త జీవితం భ్రమా అని అడిగారు. మీ ఊరి రైతులు మినుములు ఎప్పుడు చల్లుతారో మీకు తెలియనిదా? వరి కోసి, పొలం ఖాళీ చేశాక చల్లరు. వరి ఇంకా చేలో ఉండగానే, ఆ మొదళ్ళ మధ్య, ఆ తడిలోనే చల్లుతారు. మీరేమో 15 ఏళ్ళ పాత సంగతిని లాకుల అవతల వదిలేసి, ఇవతల ఎండిన గట్టు మీద కొత్తగా మొలవాలనుకున్నారు.

గట్టు ఆరేదాకా నడక ఆపుకోమన్నాను. ఈ పని మాత్రం అందాకా ఆపుకోకండి. మడిలో నీళ్ళున్నన్నాళ్ళే ఆయన తెల్లవారేసరికి అక్కడ ఉంటాడు. రోడ్డు మీద లాకుల దాకా షేర్ ఆటోలు వస్తాయని రాశారు కదా. హారన్లు మోగితే మోగనివ్వండి, రేపు పొద్దున మొదటి ఆటో ఎక్కండి.