‘పీపింగ్ టామ్’ వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎనిమిదిమంది స్నేహితుల్ని కూర్చోబెట్టి 1960 నాటి బ్రిటిష్ సినిమా ‘పీపింగ్ టామ్’ వేస్తానన్నావు. తర్వాత దాన్ని తీసిన మైకేల్ పావెల్ గొప్ప దర్శకుడా కాదా అని చర్చ పెడతానన్నావు. సినిమా ఎంపిక బాగుంది. చర్చ సంగతే నాకు కొంచెం బెంగగా ఉంది. ఇలాంటి సినిమాల దగ్గర పది నిమిషాలు తిరక్కుండానే జనం రెండు జట్లవుతారు. “ఇది తీసినవాడి బుర్రే చెడింది” అంటుంది ఒక జట్టు. “కాలం కంటే ముందు పుట్టిన మేధావి” అంటుంది ఇంకో జట్టు. ఆ తర్వాత తెరమీద కనబడ్డదాని గురించి ఎవరూ మాట్లాడరు. అందుకని తెరమీద ఏముంది, తీసేటప్పుడు ఏం జరిగింది, విడుదలయ్యాక దాని చుట్టూ ఏ కథ అల్లుకుంది అన్నవాటిని మొదట్నుంచీ విడివిడిగా పెట్టుకో. ఎవరు ఏ మాటన్నా అది వీటిలో దేనికి చెందిందో అడుగు. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ముందు ప్రింటు సంగతి చూసుకో. ఈ సినిమా నిడివి 101 నిమిషాలు. నీ దగ్గరున్నది 97 నిమిషాల దగ్గర ఆగిపోతే వెంటనే “సెన్సార్ కోసేసింది” అనుకోకు. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో నడుస్తుంది. యూరప్ టీవీ పద్ధతిలో చేసిన పాత డిస్కుల్లో దాన్ని 25 ఫ్రేములతో నడిపిస్తారు. అందువల్ల బొమ్మ నాలుగు శాతం వేగం పెరుగుతుంది, 101 నిమిషాలు కాస్తా 97 అవుతాయి. గొంతులు కూడా అర స్వరం దాకా పైకి లేస్తాయి. ఒక్క షాటూ పోదు. అంతకంటే తక్కువుంటేనే అనుమానించు. 2023లో కొత్తగా పునరుద్ధరించిన ప్రింటు వచ్చింది, దొరికితే అదే వెయ్యి. ఇందులో రంగులు అలంకారానికి పెట్టినవి కావు. వెలిసిపోయిన కాపీలో, ఫిల్ము కడిగే ఎర్రలైటు గది గోధుమరంగులో కనబడితే సగం సినిమా పోయినట్టే.

తర్వాత టీవీ. ఈ బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.66 రెట్లు, ఇప్పటి టీవీలది 1.78. కాబట్టి రెండు పక్కలా సన్నటి నల్లపట్టీలు రావాలి. రాలేదంటే టీవీ బొమ్మని పెద్దది చేసి పైనా కిందా కోసేస్తున్నట్టు, లేదా పక్కలకి సాగదీస్తున్నట్టు. సెట్టింగుల్లోకి వెళ్లి జూమ్ తీసెయ్యి. కదలికల్ని నున్నగా చేసే సదుపాయం ఒకటుంటుంది, దాన్ని కూడా ఆపు. అది ఉంటే సినిమా కాస్తా స్టూడియోలో తీసిన టీవీ సీరియల్లా కనబడుతుంది. మాటలకి సబ్‌టైటిల్స్ పెట్టు. హీరో జర్మన్ యాసతో చాలా మెల్లగా మాట్లాడతాడు.

పిలిచినవాళ్లకి రెండు రోజుల ముందే ఒక ముక్క చెప్పాలి: ఇందులో ఆడవాళ్ల హత్యలుంటాయి, చిన్నపిల్లవాణ్ణి భయపెట్టే దృశ్యాలుంటాయి, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. అంతే చెప్పు, కథ చెప్పకు. ముందే హెచ్చరిస్తే దెబ్బ తగ్గిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇష్టం లేకుండా ఇరుక్కుపోయినవాడు తన ఇబ్బందినంతా చర్చలో దర్శకుడి మీద కక్కుతాడు. కుర్చీలు మాత్రం తలుపు దారికి అడ్డం లేకుండా వెయ్యి, లేచేవాళ్లు తెర ముందునుంచి వెళ్లకుండా.

చూస్తున్నప్పుడు ఆపొద్దు. ఫోన్లు బయట పెట్టించు. సినిమా అయ్యాక పదిహేను నిమిషాలు విరామమివ్వు, ఆ పదిహేను నిమిషాలూ సినిమా మాట ఎత్తకూడదు. తిరిగి కూర్చున్నాక అందరికీ తలో కాగితమిచ్చి తాము చూసినవి మూడు రాయమను. అభిప్రాయాలు కాదు, చూసినవి. “భయంకరంగా ఉంది” అన్నది చూసినది కాదు. “కెమెరా కోటులో దాచుకున్నాడు” అన్నది చూసినది. ఇది చిన్న పనే కాని దీనివల్లే చర్చ నిలబడుతుంది. గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి జ్ఞాపకమైపోకుండా కాపాడుతుంది.

ఇక్కడ ఆగు తల్లీ. ఈ ఉత్తరంలో రెండో కాగితం సినిమా చూశాకే విప్పు.

*

చూశావుగా. ఇప్పుడు చెబుతాను.

మొదటి నాలుగు నిమిషాలు మళ్లీ వేసి అందరికీ చూపించు. మూసుకున్న కన్ను తెరంతా నిండి టక్కున తెరుచుకుంటుంది. రాత్రి వీధి, షాపు అద్దం ముందు ఒక స్త్రీ. అక్కణ్ణుంచి మనం కెమెరా వ్యూఫైండర్‌లోంచే చూస్తాం, మధ్యలో అడ్డగీతా నిలువుగీతా పడి ఉంటాయి. ఆమె వెనకే మెట్లెక్కుతాం, గదిలోకి వెళ్తాం, ఆమె మొహంలో భయం కమ్ముకునేదాకా చూస్తాం. వెంటనే ప్రొజెక్టర్ తిరుగుతుంది. అదే హత్య మళ్లీ నలుపు తెలుపుల్లో తెరమీద పడుతుంటే చంపినవాడు కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు, మీద పేర్లు పడతాయి. ఒకే హత్య రెండుసార్లన్నమాట. మొదటిసారి మనం అతని కంటిలో ఉన్నాం. రెండోసారి అతను మన కుర్చీలో ఉన్నాడు. సినిమా వాదమంతా ఈ నాలుగు నిమిషాల్లోనే ఉంది. ఇది పట్టుకోకుండా పావెల్ మీద తీర్పు చెబితే అది గాలిలో కత్తి తిప్పడమే.

తర్వాత మీవాళ్లని ఒక్కటడుగు: రక్తం ఎక్కడెక్కడ చూశారు? చాలామంది చూశామనే అంటారు. వెతికి చూపించమంటే తడుముకుంటారు. సినిమా హత్య దగ్గరికొచ్చేసరికి మొహం మీద ఆగి అక్కడే కోసేస్తుంది. ట్రైపాడ్ కాలికి బిగించిన కత్తి కనబడుతుంది కాని అది దిగడం కనబడదు. చచ్చిపోతున్న మనిషికి తన భయం తనకే కనబడేలా అతను కెమెరాకి అద్దం బిగించాడన్న సంగతి కూడా ఆఖరుదాకా దాచి ఉంచుతాడు దర్శకుడు. చూపించనిదాన్ని చూశామనుకోవడం ప్రేక్షకుల తప్పేం కాదు. అది దర్శకుడి పనితనం. “హింసని అమ్ముకున్నాడు” అనేవాళ్లు ఏ షాటులో అమ్ముకున్నాడో చెప్పాల్సింది అందుకే.

ఇక తీసేటప్పటి సంగతి. కథలో హంతకుడి పేరు మార్క్. అతని తండ్రి భయం మీద పరిశోధన చేస్తూ కన్నకొడుకుమీదే ప్రయోగాలు చేస్తాడు, అవన్నీ ఫిల్ముమీద పట్టి దాస్తాడు. ఆ పాత ఫిల్ముల్లో తండ్రిగా కనబడేది స్వయానా మైకేల్ పావెల్. పిల్లవాడిగా వేసింది ఆయన కొడుకు కొలంబా. ఈ ముక్క చెప్పగానే గది రెండుగా చీలుతుంది, సిద్ధంగా ఉండు. “తనని తాను బోనులో నిలబెట్టుకున్నాడు, ఇంత నిజాయితీ ఎవరికుంది” అంటారు కొందరు. “సొంత బిడ్డతో ఆ ఆట ఏమిటి” అంటారు కొందరు. ఇది న్యాయమైన చర్చ, సాగనివ్వు. ఒక్క జారుడు మాత్రం ఆపాలి: తండ్రి పాత్ర చేసిన దుర్మార్గాన్ని తండ్రి వేషం వేసినవాడికి అంటగట్టడం. తెరమీద బల్లిని పక్కలో వేసింది పాత్ర. సెట్టులో ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే సాక్ష్యం కావాలి.

సాక్ష్యం బలంగా ఉన్న సినిమాలు వేరే ఉన్నాయి. రుగ్గేరో దేవొదాతో 1980లో తీసిన ‘కానిబాల్ హోలోకాస్ట్’లో నటుల్ని నిజంగానే చంపేశాడని పుకారు లేచింది, అది అబద్ధం. కాని జంతువుల్ని నిజంగానే చంపారు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు, మొదటిది అబద్ధమని తేలింది గనక రెండోదీ మాఫీ అనకూడదు. సినిమా ఎంత తెలివిగా ఉన్నా అందులో చచ్చిపోయిన తాబేలుకి అది సమాధానం కాదు. బెర్తొలుచ్చి 1972 నాటి ‘లాస్ట్ టాంగో ఇన్ ప్యారిస్’ కూడా ఇలాంటిదే. ఒక దృశ్యంలో ఏం చేయబోతున్నారో పూర్తిగా తనకి ముందే చెప్పలేదని, అవమానపడ్డానని ఆ నటి మారియా ష్నైడర్ చెప్పింది. చెప్పలేదని దర్శకుడూ తర్వాత ఒప్పుకున్నాడు. అక్కడ దర్శకుడి పేరుమీద పడ్డ మచ్చ పుకారువల్ల వచ్చింది కాదు. ఇలాంటి సినిమాల మీద చర్చ పెడితే మొదటి మాట నటి మాటే అయి ఉండాలన్నది నా పట్టుదల.

మూడోది, అల్లుకున్న కథ. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. “నిషేధించారు” అని ఎవరన్నా అంటే మూడు ప్రశ్నలు వెయ్యి: ఎవరు, ఏ దేశంలో, ఏ సంవత్సరం? కుబ్రిక్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ని బ్రిటన్‌లో నిషేధించారని అందరూ అనేస్తారు. సెన్సార్ వాళ్లు దానికి ఎక్స్ సర్టిఫికెట్, అంటే పెద్దలకి మాత్రమే అని, ఇచ్చి పంపారు. 1973లో ప్రదర్శన ఆపించింది స్వయంగా కుబ్రికే. ఆయన 1999లో పోయాక, 2000లో గాని మళ్లీ అక్కడి థియేటర్లకి రాలేదు. నిషేధం వేరు, దర్శకుడు తనంతట తాను వెనక్కి తీసుకోవడం వేరు. మొదటిది అధికారం గురించి చెబుతుంది, రెండోది ఆయన గురించి చెబుతుంది.

పావెల్ విషయంలో ప్రచారంలో ఉన్న కథ ఇది: 1960 ఏప్రిల్‌లో సినిమా లండన్‌లో విడుదలైంది, సమీక్షకులు మీదపడి చీల్చేశారు, ఆయన సినిమా జీవితం ఆ వారంతో ముగిసింది. దీన్ని ఒక కాగితం మీద సంవత్సరాలవారీగా రాసి గోడకి అంటించు. 1947లో ‘బ్లాక్ నార్సిసస్’, 1948లో ‘ది రెడ్ షూస్’, రెండూ రచయిత ఎమెరిక్ ప్రెస్‌బర్గర్‌తో కలిసి తీసినవి. 1957తో ఆ జోడీ విడిపోయింది. అంటే ‘పీపింగ్ టామ్’ నాటికే ఆయనకి అసలు బలం పక్కన లేదు. 1960లో ఈ దెబ్బ. 1961లో ‘ది క్వీన్స్ గార్డ్స్’, అదీ పోయింది. 1966లో ఆస్ట్రేలియా వెళ్లి తీసిన ‘దేర్ ఎ వియర్డ్ మాబ్’ అక్కడ బాగా ఆడింది. 1969లో అక్కడే ‘ఏజ్ ఆఫ్ కన్సెంట్’. 1972లో ప్రెస్‌బర్గర్‌తోనే మళ్లీ ఒక పిల్లల సినిమా. ఒక్క సినిమాతో అంతా ముగిసిందనడం ఎంత తప్పో, ఏమీ కాలేదనడమూ అంతే తప్పు. బ్రిటన్‌లో పెద్ద సినిమాలు ఆయనకి మళ్లీ దక్కలేదన్నది నిజం. దానికి ఈ సినిమా పెద్ద కారణం, ఏకైక కారణం కాదు.

సమీక్షకుల్ని వెర్రివాళ్లని కొట్టిపారేయడం కూడా ఆపు. ఒకాయన దీన్ని పారతో ఎత్తి దగ్గర్లో ఉన్న మురుగుకాలవలో పోయాలని రాశాడు. బూతులా ఉన్నా అందులో ఒక సంగతి ఉంది: ఆయన్ని సినిమా గట్టిగా తాకింది. ఎందుకు తాకిందో ఆలోచించమను. మార్క్ వేషం వేసిన కార్ల్‌హైంజ్ బోమ్ అప్పటికి జనానికి ‘సిసీ’ సినిమాల్లో అందమైన యువ చక్రవర్తి. మోయిరా షియరర్ అంటే ‘ది రెడ్ షూస్’ నర్తకి. ఆ చక్రవర్తి చేతిలో ఆ నర్తకి, ఖాళీ స్టూడియోలో ఆనందంగా నాట్యం చేసిన కొద్దిసేపటికే చచ్చిపోతుంది. పైగా హంతకుణ్ణి చూస్తే జాలేస్తుంది. అదే సంవత్సరం వచ్చిన హిచ్‌కాక్ ‘సైకో’తో పోల్చి చూడమను. అక్కడ హంతకుడెవరో ఆఖరుదాకా తెలీదు, కలిసి కేకలు పెట్టి ఊపిరి పీల్చుకుని బయటికొస్తాం. పైగా హిచ్‌కాక్ సమీక్షకులకి ముందుగా ప్రత్యేక ప్రదర్శన వెయ్యనివ్వలేదు. పావెల్ మొదటి షాటునుంచే మనల్ని నేరంలో భాగస్తుల్ని చేశాడు. ఆ సమీక్షకులకి కోపం రావడం అర్థమవుతుంది. వాళ్లలో డిలిస్ పావెల్ అనే ఆవిడ (దర్శకుడికి చుట్టం కాదు) 1994లో తన పాత తీర్పు తప్పని పత్రికాముఖంగా ఒప్పుకుంది. అప్పటికి మైకేల్ పావెల్ పోయి నాలుగేళ్లయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

పేరు తిరిగి ఎలా వచ్చిందో కూడా అడుగుతారు. అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ పట్టుబట్టి సాయం చేయడంతో 1979లో న్యూయార్క్ చిత్రోత్సవంలో వేశారు, మళ్లీ విడుదల చేశారు. 1981లో పావెల్‌కీ ప్రెస్‌బర్గర్‌కీ కలిపి బ్రిటిష్ సినిమా అకాడమీ (బాఫ్టా) ఫెలోషిప్ ఇచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త. “స్కోర్సీసీ మెచ్చాడు గనక గొప్పది” అని ఎవరన్నా అంటే, 1960లో “పత్రికలు తిట్టాయి గనక చెత్త” అన్నవాళ్లు చేసిన పనే వాళ్లూ చేస్తున్నారని చెప్పు. మళ్లీ కాగితాల దగ్గరికి తీసుకురా. మూడు ముక్కల్లో ఏం రాశారో చదివించు.

చర్చ ముగింపులో చేతులెత్తించి ఓటు వెయ్యించకు. దానికి బదులు ఈ దర్శకుడిది ఇంకొకటి ఏది చూడాలనుందో అడుగు. నన్నడిగితే ‘బ్లాక్ నార్సిసస్’. ఇదే మనిషి పదమూడేళ్ల ముందు, ప్రెస్‌బర్గర్ పక్కనుండగా, భయాన్నీ కోరికనీ రంగులతో ఎలా చెప్పాడో అందులో తెలుస్తుంది. అది 1.37 కొలతలో ఉంటుంది, పక్కపట్టీలు బాగా వెడల్పుగా వస్తాయి. టీవీ పాడైందని ఎవరూ కంగారుపడకుండా ముందే చెప్పు.

నీ ప్రింటు ఎన్ని నిమిషాలొచ్చిందో చూసి రాయి.

ఇట్లు,
మీ మావయ్య