కీటోలో (పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే డైట్‌లో) వంట నూనె, నెయ్యి కూడా లెక్కేయాలా?

వేయాలి. కానీ మూకుడులో పోసినదంతా కాదు, కడుపులోకి వెళ్లింది మాత్రమే. టేబుల్‌స్పూన్ నూనె దాదాపు 14 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 120 పైమాటే. ‘కాస్త నూనె’ అని సీసా వంచితే పడేది ఒక స్పూనో మూడో మన చేతికే తెలియదు.

నేనైతే నూనె సీసాను కిచెన్ స్కేలు మీద పెట్టి సున్నా చేస్తాను. వాడాక మళ్లీ పెడితే మైనస్‌లో ఎంత చూపిస్తే అంత పోసినట్టు. ఆమ్లెట్‌కో బెండకాయ వేపుడుకో అదంతా రాసేసుకుంటాను, అడుగున మిగిలేది ఏపాటి! చేప ముక్కలు వేయించినప్పుడు మాత్రం మిగిలిన నూనెను చల్లార్చి, తూచి, లెక్కలోంచి తీసేస్తాను. నలుగురికి వండిన కూరైతే మీ గిన్నెలోకి ఎంత వంతు వచ్చిందో నూనెలోనూ అంతే వంతు.

స్కిన్‌తో వండిన చికెన్ నుంచి కారిన కొవ్వును విడిగా రాయకండి, పచ్చి మాంసం లెక్కలో అది ముందే ఉంది. అన్నట్టు, నెయ్యి దాదాపు అంతా కొవ్వే. వెన్నలో మాత్రం 100 గ్రాములకు 80 చిల్లరే, మిగతాది చాలావరకు నీళ్లు.