ప్రభుత్వంలో వాణిజ్య, పరిశ్రమల విశ్లేషకుడి పని నిజంగా ఎలా ఉంటుంది?

జమ్మికుంట నుంచి ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న: “కాకతీయ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఎ. చివరి సంవత్సరం చదువుతున్నాను. వాణిజ్యం, పరిశ్రమల పోటీతత్వం మీద ప్రభుత్వానికి విశ్లేషణ చేసిపెట్టే ఉద్యోగంలో అసలు ఏం పని ఉంటుంది? దానికి ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?”

నాది హన్మకొండ. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయం ఒకదానిలో 11 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఉద్యోగం పేరు పెద్దదే గానీ, పైవాళ్లు మమ్మల్ని అడిగేది ఒక్కటే: మన దగ్గర పండే, తయారయ్యే ఫలానా సరుకు బయటి మార్కెట్లో నిలుస్తుందా, నిలవకపోతే దేనివల్ల? దీనికి వాడే సూత్రాలు మీ ఎం.ఎ. పుస్తకాల్లోనే ఉన్నాయి, వాటికి పట్టే సమయమూ తక్కువే. ఒక అంకె ముందుకు వచ్చినప్పుడు అది దేన్ని లెక్కపెట్టింది, ఎక్కడ లెక్కపెట్టింది, ఎవరి పేరు మీద లెక్కపెట్టింది అని ఆరా తీయడంలోనే మా రోజుల్లో సగానికి పైగా గడిచిపోతాయి.

చేరిన మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. ఉత్తర తెలంగాణ సరుకుల మీద రెండు పేజీల నోట్ రాయమన్నారు. నేను ఉత్సాహంగా, బేలా బలాస్సా అనే ఆర్థికవేత్త 1965లో ప్రతిపాదించిన తులనాత్మక ప్రయోజన సూచీని లెక్కకట్టాను. రాష్ట్ర ఎగుమతుల్లో ఒక సరుకుకు ఉన్న వాటాను ప్రపంచ ఎగుమతుల్లో అదే సరుకుకు ఉన్న వాటాతో భాగిస్తే వచ్చేదే ఆ సూచీ. ఇక్కడ 4 శాతం, ప్రపంచంలో 1 శాతం అయితే సూచీ 4, అంటే ఆ సరుకులో మనకు బలం ఉన్నట్టు, 1 కంటే తగ్గితే లేనట్టు. ఎండుమిర్చికి 1 కంటే తక్కువ వచ్చింది. ఈ ప్రాంతపు మిర్చికి అంతర్జాతీయ పోటీతత్వం బలహీనమని రాసి, కింద సంతకం కూడా పెట్టాను. మా పై అధికారి చదివి తప్పనలేదు, ఒప్పనలేదు. ఒకసారి పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి రమ్మన్నారు.

అప్పుడు ఫిబ్రవరి నెలాఖరు. యార్డులో కాలు పెట్టే చోటు లేదు. తేజ, వండర్ హాట్, చపాటా రకాలు బస్తాలకు బస్తాలు దిగి ఉన్నాయి, జెండా పాట (వేలం) అయిపోయి కాంటాలు నడుస్తున్నాయి, ఆ ఘాటుకు నా దగ్గు ఆగలేదు. (ఊరివాడినై ఉండి అంతవరకు ఆ గేటు దాటకపోయినందుకు నాకే సిగ్గనిపించింది.) పెద్ద వయసు అడ్తిదారు ఒకాయన లారీకెక్కుతున్న సరుకును చూపించి, “ఇది గుంటూరుకు పోతది సార్. ఆడ పొడి కొట్టిస్తరో, మద్రాసుల ఓడెక్కిస్తరో మాకేం ఎరుక? కాగితం మీద మా ఊరి పేరైతే ఉండదు” అన్నాడు.

అంటే నేను కొలిచింది మిర్చి బలాన్ని కాదు, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే కాగితం) దాఖలు చేసినవాడి చిరునామాను. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బిల్లులో సరుకు పుట్టిన రాష్ట్రం, జిల్లా తప్పనిసరిగా రాయాలని కస్టమ్స్ నిబంధన పెట్టాక పరిస్థితి కొంత మెరుగైంది. అయినా అది ఎగుమతిదారు రాసే మాటే. నాలుగు జిల్లాల సరుకు ఒకే గోదాములో కలిపినవాడు తన గోదాము ఉన్న జిల్లానే రాస్తాడు. ఒక జిల్లా పక్కన చిన్న అంకె కనిపిస్తే సరుకు బయటికి పోవడం లేదేమో అన్న అనుమానం ఎంత న్యాయమో, పోతూ ఉండి వేరొకరి పేరు మీద పోతోందేమో అన్నదీ అంతే న్యాయం. మొదటిది నిజమైతే నాణ్యత మీద డబ్బు పెట్టాలి, రెండోది నిజమైతే ఇక్కడే పొడి చేసి ఎగుమతి చేసే యూనిట్లు రావాలి. ఏది నిజమో తేల్చకుండా రాసిన నోట్ కంటే నోట్ లేకపోవడమే మేలు.

నాణ్యత సంగతి అసలు లేదని కాదు. ఎండుమిర్చిలో బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం విషయంలో ఐరోపా సమాఖ్య, బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. కాయను నేల మీద ఆరబోశారా, పరదా మీదా, సిమెంటు కల్లంలోనా అన్న దగ్గరే ఆ విషపు బూజు సంగతి చాలావరకు తేలిపోతుంది. అందుకే తిరిగి రాసిన నోట్‌లో ఆరబెట్టే కల్లాల గురించి ఒక పేరా పెట్టాను.

ఆ సూచీలో ఇంకో చిక్కుంది, పుస్తకాల్లో దాని మీద అంతగా పట్టించుకోరు. తెలంగాణ సరుకుల ఎగుమతుల్లో మందులు, రసాయనాలదే పెద్ద వాటా. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఎగుమతి పెరిగిన ఏడాది మొత్తం పెరుగుతుంది, దానితో మిర్చి వాటా తగ్గుతుంది. ఒక్క బస్తా తగ్గకపోయినా మిర్చి సూచీ పడిపోతుంది. నేను ఇప్పుడు సూచీని ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వను, పక్కనే పరిమాణం, కిలో ధర పెడతాను.

కరీంనగర్ గ్రానైట్‌తో వచ్చే ఇబ్బంది వేరు. క్వారీ దగ్గర రాయిని ఘనపు మీటర్లలో కొలిచి సీనరేజి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) వసూలు చేస్తారు, ఓడరేవులో టన్నుల్లో తూస్తారు. ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులని గుణించుకుంటే తప్ప ఈ రెండు లెక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టలేము. ఇక దిమ్మెలుగా పోయే రాయి ఎగుమతి కోడ్ (సరుకు రకానికి ఇచ్చే సంఖ్య) 2516 కిందికి, కోసి మెరుగుపెట్టిన పలక 6802 కిందికి వస్తాయి. అంతా కలిపి గ్రానైట్ అని చూపిస్తే వ్యాపారం బాగానే ఉన్నట్టుంటుంది. విడదీస్తే, మన రాయి దిమ్మెలుగా చైనాకు పోయి, కోతలో, మెరుగులో ఉండే సంపాదన అక్కడే మిగులుతున్న సంగతి కనబడుతుంది. నా ఉద్యోగంలో అన్నింటికంటే పనికొచ్చింది ఆ విడదీసిన పట్టికేనని ఇప్పటికీ నా అభిప్రాయం. ఈ కోడ్‌లు ఆరంకెల వరకు ప్రపంచమంతటా ఒకటే, మన దేశంలో ఎనిమిదంకెలకు వెళతాయి. 2017లో, 2022లో మారాయి కనుక పాత ఏళ్లతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

బియ్యానికి కోడ్ కంటే తేదీలు ముఖ్యం. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం 2023 జూలై 20న నిషేధించింది, ఆగస్టు 25 నుంచి ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది, రెండింటినీ 2024లో ఎత్తివేసింది. ఆ మధ్యకాలపు అంకెలు చూసి కరీంనగర్, నిజామాబాద్ మిల్లుల సామర్థ్యం పడిపోయిందని రాసిన ముసాయిదా ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. రాసిన కుర్రవాడిని ఏమీ అనలేకపోయాను, నా మిర్చి నోట్ గుర్తుకొచ్చి.

జౌళి గురించి మాత్రం మన ఊళ్లో అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది: పత్తి ఇక్కడే పండుతుంది కాబట్టి బట్టల పరిశ్రమ ఇక్కడే నిలుస్తుందని. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లులో మా తాత పనిచేశాడు, ఆయనదీ ఇదే మాట. గీసుగొండ, సంగెం మండలాల్లో మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చాక ఆ మాట మళ్లీ వినబడుతోంది. పత్తి దగ్గరుంటే నూలు మిల్లుకు కొంత రవాణా ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ చొక్కా ఐరోపాకు చేరేసరికి కరెంటు ఛార్జీ, వడ్డీ, ఓడరేవు దాకా కంటెయినర్ కిరాయి, అక్కడి సుంకం లెక్కలోకి వస్తాయి. దుస్తులపై ఐరోపా సమాఖ్య మామూలు సుంకం 12 శాతం కాగా, వెనుకబడిన దేశాల జాబితాలో ఉన్నందువల్ల బంగ్లాదేశ్‌కు అది సున్నా. ఈ తేడాను కల్లం దగ్గరి పత్తి పూడ్చలేదు.

మిగతా పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శాసనసభ ప్రశ్న వస్తే సాయంత్రం 5 గంటలకల్లా జవాబు పోవాలి. నచ్చని ఫలితం వస్తే “మెరుగుదలకు అవకాశం ఉంది” అని మార్చమంటారు. విశేషణాలు మారుస్తాను, అంకెలు మార్చను. కేంద్రంలో ఇదే తరహా పనికి ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది; యూపీఎస్సీ పరీక్ష, అర్థశాస్త్రంలో పీజీ, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి. రాష్ట్రంలో గణాంక ఉద్యోగాలకు తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రకటనలు చూస్తూ ఉండండి.

మీది జమ్మికుంట అన్నారు కాబట్టి పత్తితోనే మొదలుపెట్టండి. జాతీయ పారిశ్రామిక వర్గీకరణ 2008లో మీ ఊరి జిన్నింగు (పత్తి నుంచి గింజ వేరుచేసే) మిల్లులు ఎక్కడున్నాయో వెతకండి. జౌళికి చెందిన 13వ విభాగంలో దొరకవు, వ్యవసాయం కింద 01632లో ఉంటాయి. ఎగుమతి కోడ్‌లలో దూది 5201, నూలు 5205. మార్కెట్ యార్డులో దిగిన ఒక బండి పత్తిని ఈ కోడ్‌ల వెంట ఎంతదూరం పట్టుకోగలరో, ఏ మలుపు దగ్గర అది కనబడకుండా పోతుందో రెండు పేజీల్లో రాసుకోండి. ఇంటర్వ్యూ చేసేది నేనైతే సర్టిఫికెట్ల కంటే ముందు ఆ రెండు పేజీలు అడిగి చదువుతాను.