ఓపీజీలో సైనస్ సిస్ట్: ముందు కింద ఉన్న పన్ను చూపించండి

పన్ను కోసం తీసిన ఓపీజీలో (దవడలన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) బుగ్గ వెనక ఉన్న సైనస్ (గాలి గది) అడుగున గుమ్మటంలా లేత తెల్లని నీడ కనిపించి, నొప్పీ ముక్కు దిబ్బడా లేవనుకోండి. చాలావరకు అది మ్యూకస్ రిటెన్షన్ సిస్టే, అంటే ద్రవం నిండిన తిత్తి. సైనస్ లోపలి పొరలోని చిన్న గ్రంథి నాళం మూసుకుపోయో, పొర కింద ద్రవం చేరో ఇది వస్తుంది. క్యాన్సర్‌గా మారదు, చాలాసార్లు అలాగే ఉండిపోతుంది, కొన్నిసార్లు దానంతటదే తగ్గిపోతుంది. ఆపరేషన్, యాంటీబయాటిక్ అక్కర్లేదు.

చాలామంది వదిలేసేది నీడ కింది పళ్ల పరీక్ష. దయచేసి ఇది మానకండి.

1. ఆ వైపు పై ప్రీమోలార్లకు, మోలార్లకు (కోరపన్ను వెనక ఉండే నమిలే పళ్లు) ఒక్కొక్కదానికీ కోల్డ్ టెస్ట్ (పంటికి చల్లదనం తగిలించి చూడటం) చేయమనండి. పక్కవాటికి చల్లదనం తెలిసి ఒకదానికి తెలియకపోతే లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు. రూట్ కెనాల్ చేసిన పంటికి ఈ పరీక్ష పనికిరాదు, నేరుగా రెండో మెట్టుకు వెళ్లండి.
2. ఆ పంటికి చిన్న ఎక్స్‌రే. వేరు కొన దగ్గర నల్లమచ్చ ఉందా? నీడ పై అంచున సన్నని తెల్లగీత ఉందా? ఉంటే అది పంటి నుంచి పుట్టిన సిస్ట్ కావచ్చు. సీబీసీటీ (దవడ 3డి స్కాన్) తీయించాలి, వైద్యం ఆ పంటిని బట్టి ఉంటుంది.

అలర్జీ, పొగ, చిగుళ్ల జబ్బు సైనస్ పొరను వాచేలా చేస్తాయి, అవి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఒకే ముక్కురంధ్రం నుంచి రక్తం లేదా దుర్వాసన చీము, బుగ్గ తిమ్మిరి, పళ్లు కదలడం: వీటిలో ఏదున్నా ఈ వారంలోనే ఈఎన్‌టీ. పై దవడలో ఇంప్లాంట్ వేయించుకోబోతుంటే ఈ ఓపీజీ ముందే చూపించండి.